చేను చూడకుండా పట్టిన గుత్త

కమలాపురంలో రామసుబ్బమ్మ కొడుకు ఓబుళేశు ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చెప్తారు. చెప్పేటప్పుడు కొందరు నవ్వుతారు, కొందరు నిట్టూరుస్తారు. మంచోడన్న మాట మాత్రం అందరూ అంటారు. మంచితనంతో మనిషికి ఏం ఒరుగుతుందో తెలియాలంటే అతని సంగతి వినాల్సిందే.

రామసుబ్బమ్మ చెనక్కాయ పీకే గుంపుకు పెద్ద. ఇరవై మంది ఆడవాళ్ళను వెంటేసుకుని చుట్టుపక్కల చేలు గుత్తకు పట్టేది. గుత్తంటే దినకూలి కాదు. చేనంతా ఇంతకని ముందే మాట్లాడుకుంటారు, ఎంత తొందరగా ముగిస్తే గుంపుకు అంత లాభం, అంత పేరు. ఒక చేను చివరి సాలులో ఉండగానే పక్కచేని రైతు వచ్చి గెనిమ గట్టు మీద నిలబడి, “రామసుబ్బక్కా, రేపు మా చేనికి రావాల” అని పిలిచేవాడు. ఓబుళేశు ఆ చేలల్లోనే వేపకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల్లో పెరిగాడు. చేతిలో పని గబగబా ముగిస్తే తర్వాతి పని దానంతటదే వస్తుందన్నది అతనికి ఉగ్గుపాలతో వచ్చిన పాఠం. ఎన్ని చదువులు చదివినా అది మాత్రం పోలేదు.

చదివింది బీకాం. టైపు హయ్యరు పాసై కడపలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టరుగా చేరాడు. కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్ల మీద దుమ్ము పేరుకుంటున్న రోజుల్లో, 2004లో, బెంగుళూరు కంపెనీ ఒకటి రాయచోటి రోడ్డులో విత్తనాల కొట్టు పైన మిద్దె బాడుగకు తీసుకుని డేటా ఎంట్రీ సెంటరు తెరిచింది. వేగంగా టైపు కొట్టేవాళ్ళు కావాలన్నారు. ఓబుళేశు పోయాడు, వాళ్ళు అతన్ని ఇన్‌ఛార్జిని చేశారు. కింద కొట్లోంచి పురుగుమందు వాసన, వెనక జనరేటరు మోత, పైన రెండు ఏసీలు. వాటిలో ఒకటి పనిచేసేది.

పనేమిటంటే, అమెరికాలో ఆసుపత్రులకు పోయినవాళ్ళు బీమా కోసం చేత్తో నింపిన కాగితాలు ఫోటోలై ఇక్కడి కంప్యూటర్లలోకి వస్తాయి. వాటిని చూసి పేరు, ఊరు, రోగం తప్పుల్లేకుండా టైపు కొట్టాలి. కడప జిల్లా పిల్లలు ముప్పైమంది, విమానాన్ని ఆకాశంలో తప్ప చూడనివాళ్ళు, ఎక్కడో ఓహియోలో ఎవరి మోకాలు వాచిందో, ఎవరికి పన్ను పీకారో మన వీధి సంగతుల్లా చెప్పుకునేవారు. “ఈ ముసలాయప్ప మళ్ళ పడినాడు చూడన్నా” అని ఒకరంటే, “మంచంలో ఉండమంటే వింటాడా” అని ఇంకొకరు విసుక్కునేవారు.

ఆ పని నేర్పింది మార్తా అనే ఆమె. మొదటి మూడు నెలలు రోజూ సాయంత్రం అమెరికా నుంచి ఫోన్లో మాట్లాడేది. ఏ అక్షరం ఎట్లా ఉంటుంది, డాక్టర్ల గీతలు ఎట్లా విప్పుకోవాలి, అన్నీ ఓపికగా చెప్పేది. పిల్లలు ఆమెను మార్తమ్మ చేసేశారు. ఒక సాయంత్రం ఆమె, ఇది తన ఆఖరి రోజని, రేపటినుంచి మీరే చూసుకోవాలని చెప్పింది. గొంతు పెద్దావిడది. రిటైరైందనుకున్నాడు ఓబుళేశు. మన దగ్గర రిటైరైతే ఏం చేస్తాం? శాలువా కప్పి, దండేసి, ఇంటిదాకా మేళంతో సాగనంపుతాం. దండ ఫోన్లో పోదు కాబట్టి అతను పిల్లలందరినీ స్పీకరు చుట్టూ నిలబెట్టి, “కంగ్రాచ్యులేషన్స్ మేడమ్!” అని ఒక్క గొంతుతో అరిపించాడు. చప్పట్లు కూడా కొట్టించాడు. అవతల చాలాసేపు సద్దులేదు. తర్వాత ముక్కు చీదిన చప్పుడు, థ్యాంక్యూ అన్న మాట వినిపించి ఫోను ఆగిపోయింది.

“పాపం, సంతోషం పట్టల్యాక ఏడ్సింది పెద్దామె” అన్నాడు ఓబుళేశు. అతని కళ్ళూ చెమ్మగిల్లాయి.

ఆ సెంటరుకు పిల్లల్ని తెచ్చింది ఎక్కువగా అతనే. పేపర్లో ప్రకటన చూసి వచ్చినవాళ్ళు నలుగురైదుగురు. మిగతావాళ్ళంతా “నేనుండాను, పంపించండి” అని అతనన్న మాట మీద వచ్చినవాళ్ళు. అట్లా వచ్చినవాళ్ళలో నాగజ్యోతి ఒకతె. అద్దె ట్రాక్టరు తోలే దాసన్న కూతురు, ఓబుళేశు వీధే. ఇంటరు మంచి మార్కులతో పాసై ఇంట్లో కూర్చుంది. ఆమెకు పెళ్ళి చేసేద్దామని ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. పెళ్ళికొడుకు మేనమామే, వేంపల్లెలో బోరుబండి మీద పనిచేసే చిన్న ఈరన్న. ఆమెకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. చెడ్డవాడేం కాదు. అదే వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే వద్దనడానికి ఒక మాటైనా దొరికేది.

ఆ పిల్ల ఒకరోజు ఓబుళేశు ఇంటికొచ్చి రామసుబ్బమ్మ పక్కన కూర్చుని చెనక్కాయలు వలుస్తూ, తల ఎత్తకుండా, “అన్నా, నాకు చదువుకోవాలనుండాది” అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఓబుళేశు చెప్పులేసుకుని దాసన్న దగ్గరికి పోయాడు.

“పాపను నాతో పంపీ దాసన్నా. పని నేర్పిస్తా. పని చేసుకుంటానే డిగ్రీ కట్టుకుంటాది.”

“ఆడపిల్ల దినామూ కడపకు పోయి వచ్చేదేందప్పా? అవతల వాళ్ళ మేనమామ అడగతానే ఉండాడు.”

“నాది పూచీ అన్నా. నాతోనే బస్సెక్కుతాది, నాతోనే దిగుతాది. సరేనా?”

దాసన్న బీడీ ముట్టించుకున్నాడు. కూతురంటే అతనికి ప్రాణమే. కానీ బావమరిదికి ఏం చెప్పాలన్నది అతని బాధ. చివరికి అన్నాడు: “ఆ పని ఉన్నన్ని దినాలు పోనీ. నేను నోరెత్తను. పని ల్యాకుండా పోయిన దినం ఈరన్నకు మాటిస్తా. అప్పుడు నువ్వు వచ్చి అడ్డం పడగూడదు.”

“పడనన్నా” అన్నాడు ఓబుళేశు. ఆ మాట ఇవ్వడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదు. అమెరికాలో జబ్బులు ఆగుతాయా, కాగితాలు ఆగుతాయా!

నాలుగేళ్ళు నిజంగానే ఆగలేదు. ఆరున్నర బస్సుకు ఇద్దరూ ఎక్కడం, చీకటిపడే వేళకు ఇద్దరూ దిగడం. ఓబుళేశు ముందు దిగి, వెనక్కి తిరిగి, ఆ పిల్ల దిగిందో లేదో చూసుకుని, ఆమె గడపలోకి పోయాకే తన ఇంటివైపు తిరిగేవాడు. ఫీజుకు డబ్బు కూడబెట్టుకున్నాక నాగజ్యోతి దూరవిద్య డిగ్రీ కట్టి, బస్సులో ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదివింది. రెండేళ్ళు పాసైంది. 2009 ఏప్రిల్‌లో ఆఖరి పరీక్షలు. అవి అయిపోతే బీఈడీ, ఆ తర్వాత బడిలో పంతులమ్మ. డిగ్రీ కాగితం చేతికొస్తే నాయన మనసు మారుతుందని ఆమె నమ్మకం. ఓబుళేశు నమ్మకమూ అదే. ఏప్రిల్ దాకా కుర్చీ నిలబడితే చాలు.

2008 వానాకాలంలో ఫోన్లో కొత్త గొంతులు మొదలయ్యాయి. ఎక్కడో సముద్రం మధ్య దేశంలో కంపెనీ కొత్త టీమును పెట్టిందని, వాళ్ళకు పని తెలియదని, రోజూ ఉదయం ఒక గంట ఓబుళేశు వాళ్ళకు చెప్పాలని బెంగుళూరు మేనేజరు అజయ్ పురమాయించాడు. ఓబుళేశు పొంగిపోయాడు. టైపు మాస్టరుకు శిష్యులు దొరకడమంటే మాటలా! మార్తమ్మ చెప్పినట్టే ఓపికగా, డాక్టర్ల గీతలతో సహా అన్నీ విప్పి చెప్పాడు.

వారం పదిరోజులు చూసి, బస్సులో నాగజ్యోతి అంది: “అన్నా, మార్తమ్మ మనకు నేర్పినట్ల నువ్వు వాళ్ళకు నేర్పుతాండావే.”

“నేర్పితే ఏమైతాది? మనకు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ పుట్టినట్ల.”

“మార్తమ్మ మళ్ళ ఎప్పుడన్నా ఫోను చేసిందా?”

“రిటైరైనామె ఎందుకు చేస్తాదిలే” అన్నాడు. అన్నాడే గానీ, ఊరొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ ఉన్నాడు. ఆ పిల్ల కూడా పుస్తకం తెరవలేదు.

దసరా అయిన మర్నాడు అజయ్ ఫోను చేశాడు. “ఓబుళేశు గారూ, పాత పెండింగ్ కాగితాలు చాలా ఉండిపోయాయి. మీ సెంటరు వాటిని క్లియర్ చేయాలి.”

“చేస్తాం సార్. అవి అయిపోతే కొత్తవి ఇస్తారు గదా?”

“చూద్దాం” అన్నాడు అజయ్.

మన ఊళ్ళో పెద్దమనిషి చూద్దాం అన్నాడంటే ఆ పని కాదని చంటిపిల్లకు కూడా తెలుసు. అదే మాట బెంగుళూరు నుంచి, ఏసీ గదిలోంచి వచ్చేసరికి ఓబుళేశుకు ఆశ పుట్టింది. ఆశకు అంతకంటే ఏం కావాలి! పెండింగ్ అంటే అతనికి చెనక్కాయ చేను కనిపించింది. ఈ చేను గుత్తకిచ్చారు, తొందరగా ముగిస్తే మనమెంత పనిమంతులమో వాళ్ళకు తెలుస్తుంది, గెనిమ మీద ఇంకో రైతు నిలబడే ఉంటాడు. పిల్లలందరినీ పిలిచి అదే చెప్పాడు. ఆదివారాలు కూడా రమ్మన్నాడు. భోజనానికి లేచే టైము తగ్గించాడు. జనరేటరు ఆగితే తనే కిందికి ఉరికేవాడు. పిల్లలు అతని మాట మీద వచ్చినవాళ్ళు గదా, ఎదురు చెప్పలేదు. చేతులు నొప్పులు పుట్టేలా కొట్టారు.

ఒక్క నాగజ్యోతి చెయ్యి నెమ్మదించింది. అందరికంటే వేగం ఆమెది. అట్లాంటిది అందరికంటే వెనకబడింది. రెండు రోజులు చూశాడు, మూడోరోజు అతనికి కోపమొచ్చింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అందరి ముందరా అరిచాడు.

“ఏంది పాపా ఇది? నీ కోసమే గదా ఇంత తిప్పలు! నువ్వే ఇట్ల చేస్తే మిగతావాళ్ళకు ఏం చెప్పాల?”

ఆమె లేచి నిలబడింది. “పీకేసినాక చేన్లో ఏముంటాదన్నా?” అంది మెల్లగా.

“ఇంకో చేనుంటాది! మీ ఇంట్లో గుత్తకు పోయేవాళ్ళు ల్యారు, నీకు తెలీదేమో, మా యమ్మను అడుగు చెప్తాది!”

పిల్లలందరూ తలలు దించుకున్నారు. నాగజ్యోతి ఒక్క క్షణం అతని మొహం చూసి కూర్చుంది. ఆ సాయంత్రానికి ఆమె మళ్ళీ అందరికంటే ముందుంది. ఓబుళేశు మనసు కుదుటపడింది.

డిసెంబరు మొదట్లో ఒక శనివారం ఆఖరి కాగితం అయిపోయింది. చివరి సాలు పీకిన రోజు రైతు గుంపులో ప్రతి మనిషికీ ఒడినిండా కాయలు పోయడం ఆనవాయితీ. ఓబుళేశు ఏడురోడ్ల కూడలి కాడ ఉడకేసిన చెనక్కాయలు బుట్టెడు కొనుక్కొచ్చి అందరికీ దోసిళ్ళతో పోశాడు. కీబోర్డుల మధ్య పొట్టు గుట్టలు పడింది. పిల్లలు పాటలు పాడారు. నాగజ్యోతి కూడా నవ్వింది.

సోమవారం పొద్దున కంప్యూటర్లు పాస్‌వర్డు తీసుకోలేదు. ముప్పైమందిలో ఒక్కరిది కూడా తీసుకోలేదు. లైను పోయిందేమోనని ఓబుళేశు టెలిఫోను ఆఫీసుకు మనిషిని పంపాడు. లైను బాగానే ఉందన్నారు. పదకొండింటికి అజయ్ ఫోను చేశాడు. సెంటరు మూసేస్తున్నామని, సామాను తీసుకుపోవడానికి బండి బయల్దేరిందని చెప్పాడు. పని అంతా ఆ సముద్రం మధ్య దేశానికి పోయింది. అక్కడైతే ఇంకా చవక.

“మేం అంతా ముగించినాం గదా సార్! ఆదివారాలు కూడా కూసోని ముగించినాం!”

“అదే ఓబుళేశు గారూ...” అజయ్ గొంతులో నిజంగానే బాధ ఉంది. “పెండింగ్ అయ్యేదాకా మీ సెంటర్ ఉంచమన్నారు. ఏప్రిల్, మే దాకా పడుతుందని మేం లెక్క వేసుకున్నాం. మీరింత తొందరగా చేస్తారని ఎవరూ అనుకోలేదు.”

“ముందే ఒక మాట చెప్పింటే ఏం పోయేది సార్?”

“చెప్పకూడదన్నారు. నాక్కూడా నిన్ననే మెయిలొచ్చింది. నా ఉద్యోగమూ ఈ నెలాఖరు వరకే.”

ఇక అతన్ని ఏమని తిట్టాలి? ఓబుళేశు ఫోను పెట్టేసి పిల్లలకు ఆ సంగతి చెప్పాడు. ఎట్లా చెప్పాడో తర్వాత అతనికి గుర్తులేదు. కొందరు ఏడ్చారు, కొందరు మొబైలు తీసుకుని బయటికి పోయారు. నాగజ్యోతి తన కీబోర్డు మీద ఇంకా అతుక్కునున్న చెనక్కాయ పొట్టును వేలితో తుడిచి, టిఫిను క్యారియరు తీసుకుని లేచింది.

కంపెనీకి ఇల్లూ వాకిలీ లేవు, నిలదీద్దామన్నా మొహం లేదు. ఓబుళేశుకు ఉన్నాయి. మర్నాటినుంచి పిల్లల తల్లిదండ్రులు అతని అరుగు మీదికి రావడం మొదలుపెట్టారు. తిట్టినవాళ్ళు తక్కువ. “నీ మాట మీద పంపినామప్పా, ఇప్పుడెట్ల జెయ్యాల?” అని అడిగి కూర్చునేవారే ఎక్కువ. తిడితేనే బాగుండేది. అందరికీ మంచినీళ్ళిచ్చి, అందరి మాటా విని, అతను చేతులు కట్టుకుని నిలబడేవాడు.

నాగజ్యోతికి మాత్రం ఎట్లాగైనా ఒక కుర్చీ చూపించాలని కడపంతా తిరిగాడు. కింద విత్తనాల కొట్టు సేటును అడిగాడు, జిరాక్సు కొట్లలో అడిగాడు, తన పాత ఇన్‌స్టిట్యూట్ ఉన్న వీధికి పోయాడు. ఇన్‌స్టిట్యూట్ ఉన్నచోట మొబైళ్ళ కొట్టు వచ్చింది. వాళ్ళు ఆడపిల్ల వద్దన్నారు. అన్నం కూడా తినకుండా తిరిగొచ్చిన కొడుకు ముందర రామసుబ్బమ్మ కంచం పెట్టింది. అయినా ఆమె నోరు ఆమెదే.

“గుత్త పట్టేముందు రైతు మొగం జూడాల, చేను జూడాల. ఎంత ఉండాది, ఈ తట్టు ఇంగో చేనుండాదా ల్యాదా, అన్నీ జూసుకోని పట్టాల. నువ్వు రైతునూ జూడల్యా, చేనూ జూడల్యా. ఎవురి చేనో పీకితివి గదరా నాయనా!” అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

దాసన్న మాట తప్పే మనిషి కాదు. నెల ఆగాడు. ఆ నెల ఎందుకు ఆగాడో ఓబుళేశుకు తెలుసు. ఇంకేదైనా పని దొరికిందని తను వచ్చి చెప్తాడేమోనని. చెప్పడానికి ఏమీ లేక ఓబుళేశు ఆ వీధిన పోవడమే మానేశాడు. అడ్డం పడనని ఇచ్చిన మాట కాళ్ళకు అడ్డం పడింది. నాగజ్యోతే ఒకరోజు నీళ్ళ కుళాయి కాడ ఎదురైంది.

“పాపా, ఆ రోజు నిన్ను అందరి ముందర...” అని అతను మొదలుపెట్టి ముగించలేకపోయాడు.

“అరిసినందుకు బాధ లేదన్నా” అంది ఆమె బిందె పైకెత్తుకుంటూ. “నువ్వు అంత గట్టిగా చెప్తే నేనూ నమ్మినా. అదే బాధ.”

జనవరి ఆఖరులో దాసన్న పసుపు రాసిన పత్రిక తీసుకుని అరుగెక్కాడు. “దేవుని కాడ పెట్టినాక మొదటి పత్రిక నీకేనప్పా” అని అందించాడు. ఓబుళేశు రెండు చేతులా తీసుకున్నాడు. పత్రిక ఇచ్చినవాడికి ఏదో ఒకటి అనాలి. అనడానికి లోకంలో ఒక్కటే మాట ఉంది.

“శానా సంతోషమన్నా” అన్నాడు ఓబుళేశు.

దాసన్న ఏమీ అనలేదు. తల పక్కకు తిప్పుకుని భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఆ మౌనం ఓబుళేశు ఇంతకుముందొకసారి విన్నాడు. స్పీకరు చుట్టూ ముప్పైమంది పిల్లల చప్పట్లు, అవతల ముక్కు చీదిన చప్పుడు అతనికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మార్తమ్మ రిటైరు కాలేదు, ఆమె పని లాక్కునే తమకిచ్చారు. ఆమెకు ఇప్పుడు క్షమించమని చెప్దామన్నా ఆ ఊరి పేరు కూడా తెలియదు.

“ఇంగొక మాటప్పా” అన్నాడు దాసన్న పోబోతూ. “పెండ్లి వేంపల్లెలో, వాళ్ళింటికాడ. బస్సు పొద్దున్నే బయల్దేరతాది. పాప ఏమో నువ్వుంటేనే ఎక్కుతానంటాండాది.”

పెళ్ళిరోజు పొద్దున ఆరున్నరకు ఓబుళేశు నాగజ్యోతిని బస్సెక్కించాడు. రోజూ మాదిరే కిటికీ పక్క సీటులో ఆమె కూర్చుంది. పసుపుచీర, బుగ్గన చుక్క, ఒళ్ళో పుస్తకం ఉండేచోట కొబ్బరిబోండాం. దారిపొడుగునా చుట్టాలు మాట్లాడుతూనే ఉన్నారు. వేంపల్లెలో అతనే ముందు దిగి, చెయ్యందించి ఆమెను దింపాడు. మేళగాళ్ళు ఎదురొచ్చారు. చిన్న ఈరన్న మంచి చొక్కా వేసుకుని, అందరికీ వంగి దండాలు పెడుతూ, నిజంగానే మర్యాదగా ఉన్నాడు.

తాళి కట్టడం అయ్యాక, భోజనాలయ్యాక, పెళ్ళికూతురిని అక్కడ వదిలి, మగపెళ్ళివారికి చెప్పి మిగతా అందరూ తిరుగుబస్సెక్కారు. పొద్దుగూకే వేళకు బస్సు కమలాపురంలో ఆగింది. ఓబుళేశు అందరికంటే ముందు దిగి, నాలుగేళ్ళ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, ఆ పిల్ల దిగిందో లేదో చూశాడు.